గీన్నే ఉంటది

నాచారం,
18 జూలై 2008, శుక్రవారం సాయంత్రం.

తమ్ముడు దుర్గేష్ గారికి,

మీరు ఉత్తరంలో అక్కా అని పిలిచిన మరియా వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ మేము బాగున్నాం. అక్కడ మేడిపల్లిలో మీరు, మీ ఇంటావిడ గౌతమి, పిల్లలిద్దరూ, అమ్మ మల్లవ్వ గారూ బాగున్నారని తలుస్తాను. ఎల్లుండి ఆదివారం దాటాక కూడా అందరూ ఇలాగే బాగుండాలని మీ ఉత్తరం అందినప్పటి నుంచీ దేవుణ్ణి అడుక్కుంటున్నాను.

మీ ఉత్తరం పత్రికాఫీసుకు చేరి, అక్కడ ఎవరి బల్ల మీదో పన్నెండు రోజులు పడుకుని, కవరు మార్చుకుని ఇవాళ మధ్యాహ్నం నా చేతికొచ్చింది. నా పేరు మీద ఒక పాఠకుడు రాసిన మొదటి ఉత్తరం ఇది. మా మందుల కంపెనీ గేటు దగ్గరే నిలబడి చదివాను. మొదటి పేజీకి ఒళ్ళు గాల్లో తేలిపోయింది. రెండో పేజీకి అక్కడే అరుగు మీద కూర్చున్నాను. జూలై 'ఊళ్ళూ దారులూ' పత్రికలో, అడవిలో ఏడాదంతా నీళ్ళు కారే జాలుబండ గురించి నేను రాసిన వ్యాసం చదివి, ఇరవయ్యో తారీఖు ఆదివారం పొద్దుటి బస్సుకు అయిదుగురూ బయల్దేరుతున్నామని రాశారు.

వెళ్ళకండి తమ్ముడూ. ముందు ఈ మాట వినండి, మిగతా ఉత్తరం తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. జాలుబండకు పోవద్దు. పోయినా దారిలో ఎర్రవాగులో మాత్రం కాలు పెట్టొద్దు.

రేపు పోస్టులో వేస్తే సోమవారానికి గానీ మీకు అందదు. మీరేమో ఫోన్ నంబరు రాయలేదు. అందుకని మా తమ్ముడు హెన్రీ చేత పంపిస్తున్నాను. మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, రేపు డ్యూటీ దిగి సీదా మీ ఇంటికి వస్తాడు. నేనే రావాలి నిజానికి. మీ అమ్మగారి ముందు నిలబడే ధైర్యం లేక రావడం లేదు.

పత్రిక గురించి మీరు రాసింది చదివి, ఇంత భయంలోనూ నవ్వొచ్చింది. మీరూ చివరి పేజీలోని 'ఎలా వెళ్ళాలి' డబ్బా ముందు చదువుతారా! నేనూ అంతే. ఏ ఊరు, ఏ బస్సు, ఎక్కడ దిగాలి, తినడానికి ఏం దొరుకుతుంది, ఇవన్నీ చూసుకున్నాకే మొదటికొస్తాను. ప్రతి నెలా ఒకటో తారీఖు ఉప్పల్ బస్టాండు పక్కన పేపర్ల కొట్టుకు వెళ్తాను, ఇంకా కట్ట విప్పలేదు పో అమ్మా అని ఆయన కసురుకున్నా అక్కడే నిలబడతాను. ఇంటికి తెచ్చి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిందాకా లోపలి బొమ్మలు చూడను. రోజుకు ఎనిమిది పేజీలే, అదీ అన్నం తిని చేతులు సబ్బుతో కడుక్కుని. ఎక్కువ చదివేస్తే నెలాఖరుకు ఏం మిగులుతుంది చెప్పండి? మా ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ నరసింహమూర్తి సారు నన్ను చూసినప్పుడల్లా, ఏంది మరియమ్మా, ఈ నెల యాడికి వోయొచ్చినవ్ అని అడుగుతారు. దగ్గుమందు సీసాలు డబ్బాల్లో పెడుతూనే, కొండల మీదికి వోయొచ్చిన సార్, మస్తు సలి అంటాను. సెక్షనంతా నవ్వుతుంది. ఆ నవ్వు నాకు బాగుంటుంది.

ఆ పత్రికలో అచ్చయిన ఒక్క మాటనైనా నేను ఏనాడూ అనుమానించలేదు. మీరూ అనుమానించరు. నా భయమంతా అదే తమ్ముడూ.

నాలుగు రోజులుగా ముసురు పట్టింది కదా. మా రేకుల మీద చినుకు పడ్డప్పుడల్లా అది ఎర్రవాగులోనే పడుతున్నట్టుంది నాకు. వాగు పిక్కల లోతని నేను రాసింది ఎండాకాలం మాట అని మీకు చెబుదామనుకున్నాను. తీరా చూస్తే, వానాకాలంలో కూడా పిల్లల కాలిపట్టీలు తడుస్తాయంతే అని నేనే రాశాను. ఆ వాక్యం మీ ఇంట్లో అందరికీ నచ్చిందని, మీ చిన్నపాప అప్పుడే కొత్త పట్టీలు కొనమంటోందని మీరు రాశారు. 

పోనీ దారి బాగుండదని రాద్దామంటే, బస్సు దిగితే పది నిమిషాల నడక, ముసలివాళ్ళు కూడా ఆడుతూ పాడుతూ పోవచ్చు అని వ్యాసంలో ఉంది. పాములుంటాయని రాద్దామంటే, అంత భయం లేని అడవి నేను చూడలేదని ఉంది. నా వ్యాసమే నా నోరు నొక్కేస్తోంది. ఏం సాకు చెప్పినా, అక్కా మీరే రాసిన్రు గదా అంటారు మీరు.

మా గేటు దగ్గర హన్మయ్య అని వాచ్‌మన్ ఉన్నాడు. పెద్దమనిషి, పుట్టింది ఆ జాలుబండ దిక్కే. ఇవాళ మీ ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఈ వానల్లో ఎర్రవాగు దాటొచ్చా తాతా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, పిచ్చిగిట్ల లేసిందా బిడ్డా, పైన గుట్టల్ల వాన వడితె కిందికి ఎప్పుడొస్తదో సూసెటోనికి గూడ తెల్వది, గొడ్లను గూడ తోలం అటు అన్నాడు. చూస్తూ చూస్తుండగానే మొలలోతు వస్తుందట. పెద్దవాళ్ళ మాట తీసిపారేయకండి. మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి. సిన్మాలొద్దు, తీర్థాలొద్దు, పన్నెండు నెలలు నీళ్ళు కారే గా బండ సూపియ్యి కొడుకా అని ఆమె అడిగారట కదా. నేను రాసింది మీరు నాలుగుసార్లు చదివి వినిపించారట కదా. ఎండాకాలం రానివ్వమనండి. బండ ఎక్కడికీ పోదు.

ఆదివారం వానకు ఇంట్లోనే మిర్చీలు వేసుకుని తినండి. పిల్లలకు నా దీవెనలు.

మీ మేలు కోరే అక్క,
మరియా

తా.క.: కవరు అతికించేశాను తమ్ముడూ. హెన్రీ చేతికి ఇచ్చేముందు మీ ఉత్తరం మరోసారి చదివాను. చివర అంచులో సన్నటి అక్షరాలతో మీరు రాసిన ముక్క అప్పుడు కనబడింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, వాగు కాడ నేను ఎత్తుకొని దాటిస్త, అక్క సూసి రాసింది గాబట్టి నాకు ఫికర్ లేదు అని. కవరు మళ్ళీ చింపాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఎలా వచ్చినా చదువుకోండి.

అక్క చూసి రాయలేదు. జాలుబండను నేను ఒక్కసారి కూడా చూడలేదు. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పి వాంతులవుతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఏప్రిల్‌లో గట్టిగా అనుకుని ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కాను. ఘట్‌కేసర్ రాకముందే కండక్టర్ దింపేశాడు. సిగ్గుతో ఇంటికి రాలేక సాయంత్రం దాకా అక్కడే ఒక చెట్టు కింద కూర్చుని, తిరిగొచ్చి, చూసొచ్చానని హెన్రీకి చెప్పాను. వాడు పదిమందికి చెప్పాడు. పత్రికకు ఎప్పుడు రాస్తావని అందరూ అడుగుతుంటే ఇక రాయక తప్పలేదు.

బండ సంగతంతా హన్మయ్య చెప్పిందే. బస్సు దిగి ఎంత దూరం తాతా అంటే, గీన్నే ఉంటది బిడ్డా, గట్ల వోతే గీన్నే అన్నాడు. ఇక్కడే అన్న ఆ మాటను నేను పది నిమిషాల నడక చేశాను. గీన్నే అంటే ఎంత అని ఇవాళ అడిగాను. రెండు కోసులుంటదేమో అన్నాడు, అంటే ఆరు కిలోమీటర్లు. పల్లెటూరి మనిషికి రెండు కోసులు గీన్నేనే, ఆ మాట కూడా తెలియని పట్నందాన్ని నేను. పిక్కల లోతు ఆయన ఎండాకాలం సంగతి చెప్పాడు. వానాకాలం, కాలిపట్టీలు, అవి పూర్తిగా నా సొంతం. పేరా చివర వినసొంపుగా ఉంటుందని రాశాను.

ఇదంతా పత్రికవాళ్ళకు కూడా ఇప్పుడే రాశాను. వాళ్ళిక నా పేరు వేయరు. సెక్షన్‌లో తెలుస్తుంది, చర్చిలో తెలుస్తుంది. తెలియనివ్వండి. హెన్రీ ఎదురుగానే ఈ ఉత్తరం గట్టిగా చదవండి. వాడికి నా నోటితో చెప్పలేను.

అమ్మను ఎత్తుకుని ఆ నీళ్ళలోకి దిగకు తమ్ముడూ. ఆ వాగు ఎంత లోతో నాకు తెలియదు.