మోతికి లేచిన దద్దుర్లు

కొత్తవాడ, 1981 ఆషాఢం, శనివారం

పొద్దున మా కుక్క మోతిని పశువుల దవాఖానకు తీసుకెళ్లి, పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేయించాను. ఇంటికి వచ్చిన కాసేపటికే దాని మూతి ఉబ్బింది. పొట్ట మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. గోడకు ఒళ్లు రుద్దుకుంటూ ఒకటే మూలుగు.

పక్కింటి అంజమ్మక్క అది చూసి కర్ర పట్టుకొచ్చింది. "దానికి పిచ్చి లేసింది చెల్లె, జర పక్కకు జరుగు! పిల్లలు తిరిగే వాడ ఇది!" అని అరిచింది. ఆమె తమ్ముడు తొర్రూరులో పిచ్చికుక్క కరిచే చనిపోయాడు. అందుకే నాకు కోపం రాలేదు. కానీ మోతిని వదిలి జరగనూ లేదు.

మా ఆయన సైకిల్ మీద వెళ్లి డాక్టరు గారిని పిలుచుకొచ్చారు. ఆయన మోతి నోరు తెరిచి చూసి, ఊపిరి గమనించి, "పిచ్చి గాదమ్మా. కొన్ని కుక్కలకు సూది పడదు, గిట్ల దద్దుర్లు లేస్తయి. ఫికర్ చెయ్యకుండ్రి, రేపటికల్ల తగ్గుతది" అని ఒక గోలీ మింగించారు.

సాయంత్రానికి వాపు దిగింది. మోతి గిన్నెడు నీళ్లు గటగటా తాగింది. పిచ్చికుక్క నీళ్లు ముట్టదని అంజమ్మక్క నమ్మకం. అప్పుడు గానీ కర్ర కింద పెట్టలేదు. మా గడప మీద కూలబడి, "మా తమ్మున్ని కరిచిన కుక్కకు గూడ ఎవలన్న గీ సూది ఏపిచ్చి ఉంటే, వాడు బతికెటోడు గద చెల్లె" అంది.

ఆమె పక్కనే కూర్చున్నాను. వచ్చే ఏడు సూదికి మోతి ఒళ్లు మళ్లీ ఇలాగే అవుతుందేమో. అయినా వేయిస్తాను...