ముత్యాలరాజు పేరుతో

6 జూన్ 2008, శుక్రవారం

ఫిరోజ్ నా పద్యాల సైట్‌ను విప్పి మళ్ళీ కట్టాడు. నా పూర్వ విద్యార్థి. పవర్‌పేటలో వెబ్ డిజైన్ షాపు నడుపుతున్నాడు. "చదివేసి వెళ్ళిపోయే సైట్ అంటే ప్రహరీగోడేనండి మాస్టారూ. ఇప్పుడు జనానికి అరుగు కావాలి" అన్నాడు. ప్రతి పుటకూ కామెంట్ బాక్స్, నక్షత్రాల రేటింగ్. ఎవరి మాటకు మెప్పు ఎక్కువైతే ఆ మాట తనంతట తానే పైకి పోతుందట. పద్యాన్ని తక్కెడలో వేసినట్టుంది. అయినా కాదనలేదు.

అరుగు అనగానే మా ఇంటి అరుగే మనసులో మెదిలింది. శుక్రవారం నమాజు ముగించుకొని నేను వచ్చేసరికి సమస్యాపూరణానికి మిత్రులు చేరి ఉండేవారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నిరుడు ముత్యాలరాజు కూడా పోయాక నేను అక్కడ కూర్చోవడం మానేశాను.

సైట్‌లో తొలి సమస్య ఇచ్చాను: "కొంగ చేపకు మ్రొక్కెను కొలనులోన." అర్థం పొసగని ఈ పాదానికి మరి మూడు పాదాలు చేర్చి పొసగించాలి.

9 జూన్

ఎవరూ రాలేదు.

13 జూన్, సాయంత్రం

"ఖాళీ కామెంట్ బాక్స్ ఖాళీ హోటల్ లాంటిదండి. ఎవరూ గుమ్మం ఎక్కరు. మొదటి రెండు ఇడ్లీలూ మనమే తినాలి" అంటాడు ఫిరోజ్. నన్నే పూరించమంటాడు. సమస్య ఇచ్చినవాడు పూరించరాదన్నది మా అరుగు నియమం. చెబితే వాడికి నవ్వు వచ్చింది. "ఏదో ఒక పేరు పెట్టేయండి మాస్టారూ. ఎవరు పట్టుకుంటారండి?"

14 జూన్, తెల్లవారుజామున

పూరించాను. ఓట్లకు వచ్చినవాడు గుమ్మంలో వంగినట్టు కొంగ నీటి మీదికి మెడ వంచింది. పిచ్చి చేప దాన్ని దండమనుకుంది. ముత్యాలరాజు ఉంటే ఇలాగే పూరించేవాడనిపించింది. కొల్లేటి లంకలో చేపల చెరువుల మనిషి. తాను నవ్వకుండా నవ్వించేవాడు. ఒక్క పద్యమూ కాగితం మీద పెట్టలేదు. "రాసుకోవడం ఎందుకండీ, చేప నీళ్ళలో ఉంటేనే అందం" అనేవాడు.

పేరు లేనిదే బాక్స్ నా పద్యాన్ని స్వీకరించలేదు. నా పేరు పెట్టరాదు. వేలు తానుగా ముత్యాలరాజు అని కొట్టింది.

27 జూన్

చదువరులు వచ్చారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి. అందరికీ ముత్యాలరాజే కావాలి. "రాజుగారూ, ఇంకోటి వదలండి!" "మాస్టారి వ్యాఖ్యానం తర్వాత చదువుకుంటాం లెండి." రేటింగ్ అతణ్ణి తలమీద పెట్టుకుంది. పూరణల కింద నేను రాసిన వ్యాఖ్యానం పుట అడుగుకు జారిపోయింది. ఫిరోజ్ సంబరపడి అతడికొక ప్రొఫైల్ తెరిచాడు. అది ఊరు అడిగింది, రాశాను. పుట్టినరోజు అడిగింది, రాశాను. ఫోటో అడిగింది. అక్కడ ఆగాను.

ఇంకా పూరణలు రాశాను. తప్పని తెలుసు. రాస్తున్నంతసేపూ గదిలో ఇద్దరం ఉన్నాం.

2 జూలై

సాయిదుర్గ కామెంట్. ముత్యాలరాజు కూతురు, తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం.

"మాస్టారండీ, నమస్కారం. ఏమీ తోచక నాన్నగారి పేరు గూగుల్‌లో కొట్టానండి. ఇన్ని పద్యాలా! నాన్నగారు చెబుతుంటే మీరు రాసి ఉంచారా అండీ? మా దగ్గర ఒక్కటీ లేదు. ఆదివారం లంకకెళ్ళి అమ్మకు చదివి వినిపిస్తాను. ఉన్నవన్నీ పెట్టండి, మీకు పుణ్యముంటుంది."

అందరూ దానికి నక్షత్రాలు ఇచ్చారు. పుటలో అన్నిటికన్నా పైన అదే ఉంది. సైట్ తెరిచిన ప్రతిసారీ మొదట అదే కనబడుతుంది.

3 జూలై

బదులు రాయలేదు.

7 జూలై, తెల్లవారుజామున

తమ్ముణ్ణి తోడేలు తిన్నదని చెప్పి, అబద్ధపు నెత్తురు పూసిన చొక్కాను తండ్రి ముందు పెట్టిన అన్నల కథ ఈ పూట నమాజు తర్వాత పవిత్ర గ్రంథంలో ఓదుకున్నాను. బాల్యం నుంచీ ఓదుతున్నదే. ఆ చొక్కా నా చేతిలోనే ఉన్నదని ఇవాళ తెలిసింది.

సాయిదుర్గ మాటల కిందనే రాశాను: అమ్మా, అవి మీ నాన్నగారి పద్యాలు కావు. నేను అల్లి అతడి పేరు పెట్టాను. మన్నించమని అడిగే అర్హత నాకు లేదు.

అదే రోజు, సాయంత్రం

"పంతులుగారికి పళ్ళూడినా వేషాలు పోలేదు." "చచ్చిపోయినోళ్ళ పేరు మీద రేటింగులా? ఛీ." వీటికీ నక్షత్రాలే. నా ఒప్పుకోలు వీటి అడుగున పడింది.

ఫిరోజ్ పరుగున వచ్చాడు. "ఒక్క క్లిక్కండి మాస్టారూ, మొత్తం డిలీట్ చేసేద్దాం. రేపటికి ఎవరికి గుర్తుంటుందండి?" వద్దన్నాను. సభలో అన్న మాటకు డిలీట్ లేదు.

8 జూలై

సాయిదుర్గ ఫోన్ చేసింది. "మొన్న ఆదివారం అమ్మకు చదివానండి. నాన్నగారు పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారండి. ఇప్పుడెళ్ళి ఏం చెప్పమంటారు? మీరే చెప్పండి."

అని ఫోన్ పెట్టేసింది.

18 జూలై, శుక్రవారం

సమస్య ఇవ్వలేదు. అడిగినవారూ లేరు.

11 ఆగస్టు

సాయిదుర్గ నుంచి కామెంట్. "నిన్న అమ్మకు నిజం చెప్పేశానండి. 'నాకు తెలుసులేవే. మీ నాన్న ఓట్లోళ్ళ ఊసే ఎత్తేవారు కాదు. మాస్టారు ఆయనలా మాట్లాడబోయారు పాపం, అందుకే నవ్వొచ్చింది' అందండి. నాన్నగారు ఇలా అనేవారంట."

కింద రెండు పాదాలు. వల ఆరబెడుతూ భార్యతో అన్నవి. అరుగు మీద మేమెవ్వరమూ ఎన్నడూ విననివి.