గింజ పట్టని గడ్డి దుబ్బుకి నేను చేసిన ఏర్పాటు

కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ముందు దస్తావేజు రైటరు దగ్గరికే వెళ్ళాను. ఇల్లు రాశాడు, మంచం రాశాడు, గడ్డి దగ్గరికొచ్చేసరికి "అది వగైరాలో వస్తుందిలే పెద్దాయనా" అన్నాడు. కాగితం లాక్కుని వచ్చేశాను. తప్పులుంటే చదివేవాళ్ళు మనసులో దిద్దుకోండి, పైకి నవ్వొద్దు.

1. ఇల్లు నా కొడుక్కి. షరతు ఒకటే, పెరట్లో సిమెంటు పోయకూడదు. బండి పెట్టుకోడానికి జాగా లేదని వాడి ఏడుపు. బండి వానకి తడిస్తే ఆరుతుంది. గడ్డి మీద సిమెంటు పడితే గడ్డి పోయినట్టే. పోశాడో, ఆ క్షణం నుంచీ ఇల్లు నా కోడలిది. వాడు కావాలంటే అద్దెకుండొచ్చు.

2. సదరు దుబ్బు రెండు రకాల అడవి గడ్డి కలిసి పుట్టింది. మా ల్యాబులో మొక్కల పాఠం చెప్పే మేడమ్ గారి పరిశోధన అంతా దాని మీదే. కాలేజీలో ఉన్న దుబ్బుల మీద సైకిల్ స్టాండు కట్టేశారు. నేను ఇంటికి తెచ్చుకున్నదే మిగిలింది. గింజ కూడా పట్టని గడ్డికి ఇంత మర్యాదా అని మావాడు వెక్కిరిస్తుంటాడు గనక ఆఖరిసారి చెప్తున్నా. పువ్వులో పుప్పొడి తయారయ్యేటప్పుడు లోపల క్రోమోజోములనే పోగులు జతకట్టాలి, ఆ తర్వాత చెరో పక్కకి పోవాలి. ఇందులో కొన్నిటికి జత దొరకదు. ఎటు పోవాలో తెలీక మధ్యలో నిలబడిపోతాయి, మీ అమ్మ పోయాక నేను పెళ్ళిళ్ళలో నిలబడ్డట్టు. అందుకే పుప్పొడి ఉత్త డొల్ల. దుబ్బు చీల్చి పిలకలు నాటితేనే ఇది బతుకుతుంది. నాటేవాళ్ళు లేకపోతే అంతటితో సరి.

3. చీల్చే కత్తి, పెరటి గుమ్మం దగ్గరి నా కుర్చీ కోడలికి. గిన్నెలు కడిగిన నీళ్ళు దానికి పోసింది ఆ పిల్లే. "మావయ్యా, మీ గడ్డికి దాహమేస్తోందట" అనేది. ఏటా పూత వెన్ను ఇంకా ఆకు మడతలో, పొట్టలో ఉండగానే పొద్దున్నే కోసి మేడమ్ గారికి పంపాలమ్మా. బయటికొచ్చాక కోస్తే లాభం లేదు, లోపల జరగాల్సింది జరిగిపోయుంటుంది.

4. మేడమ్ గారు నాకు వాడుకోమని ఇచ్చిన సన్న పట్టకారు మేడమ్ గారికే. గాజు పలక మీద పుప్పొడి తిత్తి పెట్టి, పైన పల్చటి అద్దం మూసి బొటనవేలితో నొక్కితే, పోగులన్నీ విడివిడిగా పరుచుకునేవి. ఆ వేలు నాది. నా చోట ఇప్పుడొచ్చినాయన తలుపు తోసినట్టు నొక్కి అద్దాలు పగలగొడుతున్నాడట. వేలు ఇవ్వలేను, మన్నించాలి.

5. తమ్ముడు. పెరటి గోడకి అవతలుంటాడు. గోడ లేని రోజుల్లో కలుపనుకుని నా దుబ్బు పీకి మేకకి వేశాడు. అది తినగా మిగిలిన వేళ్ళలో ఒక ముక్క తెచ్చి మళ్ళీ నాటుకున్నాను. "గడ్డి కోసం అన్నదమ్ములు విడిపోతారా?" అన్నాడు. గోడ కట్టించాను. అప్పట్నుంచి వాడికేం చెప్పాలన్నా మేకతోనే చెప్తాను, వాడికి వినపడేలా. "ఏమే, మీవాడి దగ్గు తగ్గిందా?" అని. వాడూ మేకకే జవాబు చెప్తాడు.

మొన్న బట్టలు ఆరేయడానికి స్టూలెక్కి అవతలికి చూశాను. గోడ మూల నా గడ్డే! మిగిలిన వేరు వాడూ నాటాడన్నమాట. నాదానికన్నా ఒత్తుగా ఉంది. సొంత మేక ముట్టకుండా చుట్టూ ముళ్ళకంప కట్టాడు. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు, మొండి ఘటం.

6. వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలట. నేను బతికుండగా, నా కళ్ళెదుట సంతకం పెట్టాలట. ఒకరు మేడమ్ గారు. రెండోవాడు తమ్ముడే, వేరేవాళ్ళు పెడితే ఒప్పుకోను. వాడు రాకపోతే ఈ కాగితం చెల్లదు, మావాడు సిమెంటు పోస్తాడు. ఆలోచించుకోమనండి. సాక్షికి ఆస్తి ఇవ్వకూడదన్నాడు రైటరు. నేనేమీ ఇవ్వట్లేదు. పట్టకారు మేడమ్ గారిదే, తిరిగిస్తున్నానంతే. గోడవతల దుబ్బు వాడిదే. ఈ సంగతి నిన్ననే మేకతో చెప్పాను. వీధి తలుపు తీసే ఉంది.

తేదీ: పదకొండు, ఎనిమిదో నెల, ఆదివారం. వెన్ను ఇంకా పొట్టలోనే ఉంది.

వేలిముద్ర: (సంతకం రాక కాదు. నాకు అన్నం పెట్టింది ఈ వేలే.)

సాక్షులు:
1. మేడమ్ గారి సంతకం.
2. తమ్ముడి సంతకం. దాని కింద వాడి రాత: మేకని బయట కట్టేశాను. ఒక పిలక తెచ్చాను. ఎక్కడ నాటమంటావు అన్నయ్యా?