అడ్డం వచ్చిన పిల్లి

ప్రొద్దుటూరు, గురువారం రాత్రి

వీధిలో తిరిగే నల్లపిల్లి అడ్డం వస్తే ఎదురింటి పురోహితుడు శంకరయ్య ఇంట్లోకి తిరిగొచ్చి, కాసిని నీళ్లు తాగి, కాసేపు కూర్చుని గానీ మళ్లీ బయలుదేరడు. ఈ ఉదయం అది కుంటుకుంటూ అడ్డం వచ్చింది. ఆయన తిరిగొచ్చాడు గానీ కూర్చోలేదు. దాన్ని ఒడిసిపట్టి, పాదంలో దిగిన తుమ్మముల్లు లాగి, పసుపు అద్ది గుడ్డపీలిక కట్టాడు.

"శకునం తర్వాత చూసుకుందాం. ముందు ఇదెట్ల కుంటుతాందో చూడప్పా," అన్నాడు నాతో.

సాయంత్రం పాలు కూడా పోశాడు. పోస్తుండగా గుర్తొచ్చినట్టుంది.

"రేపు పొద్దున్నే జమ్మలమడుగులో పెండ్లి చేయించల్ల. నేను బస్సెక్కేదాకా దీన్ని మీ ఇంట్లో పెట్టుకో అప్పా."

చీకటి పడ్డాక తెచ్చుకుందామని వెళ్లాను. అది ఆయన చెప్పుల మీద ముడుచుకుని నిద్రపోతోంది.

"లేపొద్దప్పా, ఇప్పుడే పండుకునింది," అన్నాడు.

రేపు పెళ్లికి వట్టికాళ్లతోనే పోతాడేమో...