కళ్లు మూసుకుని చూసిన తాడు

అమ్మా,

నీ సంవత్సరీకానికి నాకు సెలవివ్వలేదు. కానీ చూడు, పారాచూట్లతో మన గోదావరి ఇసుక మీదికి దూకడానికి మా దళమే రాజమండ్రి వచ్చింది.

పొద్దున్న ఆ పారాచూట్లను తనిఖీ చేస్తూ, నువ్వు తెగిన పోగుల కోసం చేపల వల తడిమినట్టే కళ్లు మూసుకుని ప్రతి తాడూ వేళ్ల మధ్య లాగాను. "నిద్రొస్తోందేంటయ్యా?" అని మన తెలుగు సుబేదారుగారు నవ్వారు. అంతలో ఒక తాడు మెత్తగా తగిలింది. పై అల్లిక కోసి చూపించాను. లోపలి పోగులు సగం తెగిపోయి ఉన్నాయి. నిన్న ఆయనే చూసి సంతకం పెట్టిన తాడది!

"అందరూ కళ్లు మూసుకుని మళ్లీ చూడండి!" అని అరిచారాయన.

సాయంత్రం గొడుగులన్నీ విచ్చుకున్నాయి. దూకినవాళ్లంతా ఇసుకలో నవ్వుతూ నడిచొచ్చారు.

"ఈ పని ఏ స్కూల్లో నేర్చుకున్నావయ్యా?" అని అడిగారు సుబేదారుగారు.

"అంతర్వేది రేవులోనండి," అన్నాను ఛాతీ విరుచుకుని. "మా అమ్మ దగ్గర."