పేరడిగితే అక్కనన్నాను

చెల్లీ,

పొద్దున ప్రార్థనలో ముందు తలుచుకునేది నిన్నే. మనసు దిటవు చేసుకుని చదువు. నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తేటప్పుడు లాగుతోంది. ఈ దేశంలో ఉండటానికి నా దగ్గర కాగితాలు లేవని నీకు తెలుసు. ఆసుపత్రిలో ముందు పేరే అడుగుతారు. పేరు చెబితే పోలీసులకు తెలుస్తుందని, పట్టుకుని దేశం దాటించేస్తారని నాతో పనిచేసేవాళ్లంతా అంటారు. అందుకే వెళ్లను. దేవుడి చేతిలో పెట్టేశాను. తమ్ముడికి చెప్పకు, లబలబలాడతాడు.

నీ అక్క

*

నా చిట్టి చెల్లెలికి,

ఉత్తరం అందగానే ఫోన్ చేసి, "చెల్లెలి మాట ఒక్కటైనా వినవా?" అని ఏడ్చావు. అప్పుడూ వినలేదు. నాతో దుప్పట్లు మడతపెట్టే ఆవిడ మాత్రం ఊరుకోలేదు. బట్టల కొట్టు మేడమీద కాగితాలు అడగకుండా చూసే చిన్న ఆసుపత్రి ఉందని రెక్క పట్టుకుని లాక్కెళ్లింది.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?" అంది నర్సు. అసలు పేరు చెప్పడానికి భయం. అబద్ధమాడటానికి నోరు రాలేదు. బుద్ధెరిగినప్పటి నుంచి అందరూ నన్ను పిలిచేదే చెప్పాను. "అక్క." అదే నా పేరనుకుంది, పిచ్చితల్లి. ఇక చూడు! తెల్లమీసాల డాక్టరు, మన నాన్న వయసువాడు, "అక్కా, ఊపిరి పీల్చు" అంటాడు. నాకు నవ్వాగితేనా!

పరీక్షలన్నీ అయ్యాక, గడ్డ చెడ్డదే గానీ వెంటనే తీసేస్తే ప్రాణభయం లేదన్నాడు. ఆపరేషన్ మాత్రం పెద్దాసుపత్రిలో. అక్కడ అసలు పేరు చెప్పాలి. నేను లేచి చెప్పులేసుకున్నాను.

నర్సు గుమ్మం దాకా వచ్చింది. "ఇంతకీ నీ పేరుకి అర్థమేమిటి?"

"ముందు పుట్టిన ఆడపిల్ల."

"అయితే ఇన్నాళ్లూ మేమంతా నీకు తమ్ముళ్లం, చెల్లెళ్లమా?" అని పకపకా నవ్వింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. "మరి చెల్లెలి మాట ఒక్కటైనా వినవా? నీ పేరు పోలీసులకు వెళ్లదు. నేను పక్కనే ఉంటాను."

నీ మాటే, పొల్లుపోకుండా. దేవుడు రెండోసారి చెప్పించాడనుకున్నాను. చెప్పులు విప్పాను. ఆమె చెవిలో అసలు పేరు చెప్పాను.

గడ్డ తీసేశారమ్మా. ఎవరూ నన్ను పట్టుకుపోలేదు. మత్తు దిగుతుంటే ఎవరో "అక్కా, అక్కా" అని బుగ్గ తడుతున్నారు. నువ్వే అనుకుని, "వస్తున్నానే, గోల చెయ్యకు" అన్నాను. కళ్లు తెరిస్తే నర్సు. పక్కనే ఉంది, అన్నట్టుగానే.

ఇప్పుడు తమ్ముడికి చెప్పు. మనకు ఇంకో చెల్లెలు ఉందని కూడా చెప్పు.

మీ అందరి అక్క