బోర్డు ఆఫీసులో పురుడు

పెదతోపులగూడెం,
నూజివీడు తాలూకా,
9-6-1949.

మా బంగారు తల్లి లీదియాకు, మీ నాన్న ప్రభువు పేరిట రెండు చేతులూ ఎత్తి దీవించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, మన ఎడ్లు రెండూ క్షేమం. రాజమండ్రిలో నీవు కూడా వేళకు తిని, వేళకు నిద్రపోయి, నర్సు చదువు బాగా చదువుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. నా మోకాలి నొప్పి సంగతి అడిగావు. నెల్లాళ్లు ఏడిపించిన ఆ నొప్పి పోయిన బుధవారం నుంచి ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. ఈ ముసలాడు ఊళ్లో గంతులు వేస్తున్నాడని మీ అమ్మ ఒకటే నవ్వు. కాయల సంగతి అడిగావు. బంగినపల్లి అయిపోయింది, రసాలు ఇంకా పది రోజులు తోలాలి. ఇక మూడోది అడిగావు చూడు, "మన ఊళ్లో పురుళ్ల ఆసుపత్రి పెట్టారని ఇక్కడ ఒకామె చెప్పింది, నాకెందుకు రాయలేదు నాన్నా" అని. తల్లీ, నీవు ఆ మాట రాసిన రోజుకు అది పచ్చి అబద్ధం. ఇవాళ మాత్రం నిజం! ఎట్లా నిజమైందో రాస్తాను, నిదానంగా చదువు.

మన పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారు నీకు తెలుసు కదా, మన బండికి మామిడికాయలు వేసే షావుకారే. పురుళ్లకు ఒక గది కట్టించి నర్సును పెట్టాలని బోర్డు రెండేళ్ల కిందట తీర్మానం చేసింది. గోడ లేవలేదు. ఈ వేసవిలో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తాడని కబురు రాగానే, "కట్టడం తర్వాత చూద్దాం, ముందు బోర్డు పేరు నలుగురికీ తెలియాలి" అన్నారు ఆయన. బెజవాడలో వెయ్యి రంగు కాగితాలు అచ్చు వేయించారు. పైన తలపాగాతో ఆయన బొమ్మ. కింద "ఉచిత ప్రసూతి వైద్యశాల, రేయింబవళ్లు సహాయం, అందరూ రండి" అని పెద్ద అక్షరాలు. అవి కాక రేకు బోర్డులు, ఒక గుడ్డ తోరణం, మైకు బండి. గదికని ఉంచిన మూడు వందల రూపాయలూ ఆ ప్రచారానికే సరిపోయాయి.

జనం ఊరుకుంటారా? నూతి దగ్గర మంత్రసాని మంగమ్మ ఆ కాగితం ఎత్తి చూపించి, "ఇంకేం కావాలే మీకు? ఇది పరుచుకుని కనండి, ప్రెసిడెంటు గారు బొమ్మలోంచి చూస్తూ ఉంటారు" అందట. ఆడవాళ్లు కడవలు దింపి మరీ నవ్వారట. మీ అమ్మ నవ్వలేదు. మీ అక్క లేయాను పురుటికి నూజివీడు తీసుకుపోతూ మన బండిలోనే పోగొట్టుకున్న మనిషి ఎట్లా నవ్వుతుంది? నేరుగా ఆఫీసుకు పోయి ప్రెసిడెంటు గారిని, "ఆసుపత్రి తలుపు ఎటుందండీ?" అని అడిగింది. "కాగితం ముందు వచ్చింది కృపావతీ, గోడలు వెనక వస్తాయి" అన్నారట.

పోయిన బుధవారం మధ్యాహ్నం బోర్డు మీటింగు. నేను మెంబర్ల కోసం రసాల బుట్ట దింపి వాకిట్లో ఉన్నాను. లోపల వాళ్లు పళ్లు తింటూ, ప్రచారం దివ్యంగా జరిగిందని ప్రెసిడెంటు గారిని పొగుడుతున్నారు. అంతలో చింతలపూడి వైపు నుంచి గూడు బండి ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. లోపల ఒక పిల్ల మూలుగుతోంది. ఆమె మొగుడు మల్లయ్య అనే రైతు కిందికి దూకి, మొలలోంచి మడతపెట్టిన కాగితం తీసి, అందులోని బొమ్మనూ గుమ్మంలోకి వచ్చిన ప్రెసిడెంటు గారినీ మార్చి మార్చి చూసి, కాళ్ల మీద పడ్డాడు.

"డాక్టరు గారూ! మా సుభద్ర తెల్లారగట్ల నుంచి నొప్పులు పడుతోందండీ. అయిదు కోసులు తోలుకొచ్చానండీ!"

"నేను డాక్టర్ని కాదయ్యా, ప్రెసిడెంటుని!"

"బొమ్మ మీదే కదండీ? అందరూ రండని రాశారు కదండీ?"

"రాశాం గాని... నూజివీడు పోండి. ఇంకో నాలుగు కోసులే."

అప్పటికే మంగమ్మా మీ అమ్మా పరుగెత్తుకొచ్చారు. మంగమ్మ బండిలోకి తొంగి చూసి, "ఎదురుకాళ్లు. ఇంక బండి కదిలిస్తే మనిషి దక్కదు" అంది. మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "లేవండి బాబూ! ఆసుపత్రి తెరిచారు, కుర్చీలు తీయండి!" అని అరిచింది. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మెంబర్లు మామిడిరసం మూతులతోనే బయటికొచ్చేశారు. తోరణం గుడ్డ కిటికీకి తెర అయింది. ఏ వీధి, ఏ కులం అని లేదు, ఊళ్లో ఆడవాళ్లంతా వేన్నీళ్లు, పాత చీరలు పట్టుకొచ్చారు. మూడు గంటలకు బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల! తల్లి కూడా దక్కింది! వీధంతా ఒకటే కేకలు!

మర్నాడు ప్రెసిడెంటు గారు ఆఫీసు ఖాళీ చేయించాలని వచ్చారు. మంగమ్మ గడప మీద కూర్చుని, "పురిటి గదండీ. పదకొండో రోజుదాకా బాలింతను కదిలించకూడదు. లోపలికి రండి, మీకూ మైలే" అంది. ఆయన ఎంత ఆచారమో నీకు తెలుసు. ఎత్తిన కాలు అట్లాగే వెనక్కి తీసుకున్నారు. శుక్రవారం అదే కాగితం పట్టుకుని ఇంకొకామె వచ్చింది, అక్కడే పురుడు పోసుకుంది, పదకొండు రోజులూ మళ్లీ మొదటికి! చేసేది లేక నిన్న బోర్డు అరుగు మీదే కూర్చుంది. ఆ పెద్ద గది పురుళ్లకేనని, నెల తిరిగేలోగా నర్సును పెట్టాలని తీర్మానం. ప్రెసిడెంటు గారే పైకి చదివారు. "నా బొమ్మ వేసి మరీ పిలిచాక, పొమ్మని ఎట్లా అంటానయ్యా" అన్నారు. నీ చదువు ఎప్పటికవుతుందని కూడా అడిగారు. రావడం మానడం నీ ఇష్టం తల్లీ, నేను బలవంతం చేయను.

ఇంత సంతోషంగా రాస్తూ ఒక మాట దాచాను. ఆ కాగితాలు గోడలకు అంటించే పని నాకే ఇచ్చారు. ఆఫీసరు వచ్చే నూజివీడు దారిలోనే అంటించమన్నారు. నేను సగం దాచి, కాయలు తోలినప్పుడల్లా చింతలపూడి సంతదాకా దొరికిన ప్రతి గోడకూ గంజి పూసి అంటించాను. జనం వచ్చి నిలదీస్తే ఆయన పరువు పోవాలని నా కోపం. నొప్పులు పడే మనిషి దాన్ని నమ్మి బండెక్కుతుందని తట్టలేదు. లేయాను పోగొట్టుకున్న నాకే తట్టలేదు! మల్లయ్య చేతిలోని కాగితం వెనక నా గంజి ఎండి కనిపించింది. బిడ్డ ఏడ్చేదాకా నేను ఆ బండి చక్రం పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

దాచుకోలేక నిన్న అరుగు దగ్గర అందరి ముందూ చెప్పేశాను. మల్లయ్య నా దగ్గరికి వచ్చి, "నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియడం లేదు పెద్దాయనా. మా ఊళ్లో చేతులెత్తేశారు. ఆ కాగితం లేకపోతే ఇంట్లోనే కూర్చుని ఏడ్చేవాళ్లం" అని, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మీ అమ్మ, "ఇంకోసారి ఇట్లాంటి పని చెయ్యి, చెబుతాను" అంది. ప్రెసిడెంటు గారు నా బండికి కాయలు మానేస్తారనే అనుకున్నాను. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఇంకా ఎన్ని మిగిలాయి సువర్ణరాజూ?" అన్నారు.

"రెండు వందలండీ."

"అవి కూడా అంటించెయ్యి."

మీ అమ్మ గంజి కాచి పిలుస్తోంది. బాపులపాడు వైపు ఇంతవరకు ఒక్క కాగితమూ పడలేదు. బండి కట్టాలి, ఉంటాను తల్లీ.

ఇట్లు,
పట్టలేని ఆనందంతో,
మీ నాన్న
సువర్ణరాజు